సిమెంటు బాతు కేసులో ఎనిమిదో మనిషి

కోర్టు గుమ్మం దగ్గర లోహాలు పట్టే యంత్రం డెల్మర్ రౌష్ బెల్టును పట్టుకుంది. బెల్టు తీయమన్నారు, తీశాడు. రెండు చేతులూ పైకెత్తి నడవమన్నారు, ఎత్తి నడిచాడు. ప్యాంటు మాత్రం ఆయనతో పాటు నడవలేదు. మోకాళ్ల దాకా దిగి అక్కడ ఆగిపోయింది. వెనకాల వరసలో జ్యూరీకి పిలుపొచ్చిన సగం ఊరు నిలబడి ఉంది. కాపలా అతను గోడ వైపు తిరిగి, "తొందరేం లేదు సార్, నింపాదిగా కానివ్వండి" అన్నాడు. డెల్మర్ ప్యాంటు పైకి లాక్కుని, బెల్టు బిగించుకుని, "చట్టం ముందు అందరూ సమానమే" అని గంభీరంగా ఒక మాటనేసి లోపలికి వెళ్లాడు.

ఆ రోజు ఆయనకు జరిగిన అవమానాల్లో అదే చిన్నది.

డెల్మర్ మా కెండ్రిక్‌లో ముప్ఫై ఏళ్లుగా లాయరు. వీలునామాలు రాస్తాడు, పొలాల సరిహద్దు తగాదాలు తీరుస్తాడు. జ్యూరీ ఎదుట నిలబడి ఒక్కసారి కూడా వాదించలేదు. ఒహాయో దక్షిణాన ఇలాంటి లాయర్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. అయితే మావాడికి ఒక రేడియో కార్యక్రమం ఉండేది. శనివారం పొద్దున, పందుల ధరలు చదవడం అయ్యాక, చర్చి ప్రకటనలు మొదలయ్యేలోపు, వాషింగ్టన్‌లో జరిగే సంగతులకు చట్టం ఏమంటుందో చెప్పేవాడు. అధ్యక్షుణ్ని కోర్టుకు పిలవొచ్చా? సెనేటు ఏ పాపానికి ఎవరిని విచారిస్తుంది? సుప్రీంకోర్టు జడ్జీలు చచ్చేదాకా ఎందుకు దిగరు? ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర జవాబుండేది. గొంతు కూడా మంచిదే. "ఇక్కడ మనం గమనించాల్సింది ఏమిటంటే" అని మొదలుపెట్టాడంటే, పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కూడా ఆగి గమనిస్తున్నారని ఆయన నమ్మకం.

శ్రోతలు ఫోన్ చేసి ప్రశ్నలు అడగొచ్చు. చేసేది ఎక్కువగా మిల్‌బ్రూక్ నుంచి ఒక సోదరి. ఆ సోదరి ఆయన భార్య వెర్నెల్. వంటింట్లో నిలబడి, ముక్కుతో మాట్లాడి గొంతు మార్చి అడిగేది. అది తన భార్యేనని ఆయనకు తెలుసు. తెలుసని ఆవిడకూ తెలుసు. నాలుగేళ్లలో ఆ సంగతి ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. మంచి కాపురాల్లో ఇలాంటివి ఉంటాయి.

జ్యూరీకి రమ్మని పిలుపొచ్చినప్పుడు డెల్మర్ నవ్వాడు. "మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను చూడు. లాయర్ని, అందులోనూ రేడియోలో చట్టం చెప్పేవాణ్ని, ఏ పక్షం ఉంచుకుంటుంది? మిగతా వాళ్లంతా నా మాటే వింటారని భయపడరూ?" అన్నాడు. వెర్నెల్ డబ్బాలో ఏమీ కట్టివ్వలేదు.

జ్యూరీని ఎంచుకునే ముందు రెండు పక్షాల లాయర్లూ అందర్నీ ప్రశ్నలడుగుతారు. ముద్దాయి తరఫున వచ్చినవాడు టాడ్ మెక్లోరీ అనే కుర్ర లాయరు. డెల్మర్‌ను చూసి వాడు నిజంగానే కాస్త తటపటాయించాడు. "ఈ పెద్దాయన రేడియోలో చట్టం మీద మాట్లాడతారు. ఈయన ప్రభావం మీమీద ఎంతుందో నాకు తెలియాలి. ఆ కార్యక్రమం వినేవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి" అన్నాడు.

డెల్మర్ వినయంగా తల దించుకున్నాడు. లెక్కపెట్టడానికి వీలుగా మళ్లీ కాస్త ఎత్తాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

ఇద్దరు ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. టాడ్ అటు తిరిగాడు. మరుగుదొడ్డి ఎటు అని అడిగింది ఆవిడ. పైన కుర్చీలో జడ్జి విన్‌ఫ్రెడ్ హోల్కమ్ అమ్మగారు మాత్రం తన కాగితాల్లో దేన్నో చాలా శ్రద్ధగా వెతుక్కుంటున్నారు.

"సరే. అయితే ప్రభావం గురించి మనకేం బెంగలేదు" అన్నాడు టాడ్. అవతలి పక్షానికీ బెంగలేదు. చిన్న నేరాలకు మా దగ్గర ఎనిమిది మందితోనే జ్యూరీ. ఎనిమిదో కుర్చీలో డెల్మర్‌ను కూర్చోబెట్టారు. మధ్యాహ్నం యంత్రంలో డబ్బులేసి వేరుశనగ పప్పు పొట్లం తీసుకుని తిన్నాడు.

కేసు సంగతి ఇదీ. డొరిండా ప్రూయిట్ బడి బస్సు నడుపుతుంది. మా ఊళ్లో పెళ్లీడుకొచ్చిన పిల్లల్లో సగం మంది ఆవిడ బస్సెక్కి చదువుకున్నవాళ్లే. ఆవిడ పొరుగింటాయన ఆర్లన్ గీబ్. ఎన్నికల రోజుల్లో పోలీసులకు పెద్దయిన షెరీఫ్ పదవికి ఇద్దరు నిలబడితే, డొరిండా పెరట్లో ఒకడి పేరుతో అట్టలు, ఆర్లన్ పెరట్లో ఇంకొకడి పేరుతో అట్టలు. ఆర్లన్ అక్కడితో ఆగలేదు. గుమ్మం ముందు సిమెంటు బాతుకు ఆయన భార్య రుతువుకో రకం బట్టలు తొడుగుతుంది. దాని నెత్తిన తన అభ్యర్థి టోపీ కూడా పెట్టాడు. ఒక సాయంత్రం డొరిండా కారు రోడ్డు దిగి, అట్టలన్నీ తొక్కుకుంటూ వెళ్లి, ఆ బాతును గుద్దింది. జింక అడ్డమొస్తే తిప్పానంది ఆవిడ. కావాలనే చేసింది, గుద్దుతూ నవ్వింది కూడా, నా కళ్లతో చూశానన్నాడు ఆయన. నేరం రుజువైతే బస్సు నడిపే అర్హత పోతుంది. జైలంటే ఆవిడకు భయం లేదు. బస్సు పోతుందనే కోర్టులో చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

బాతును సాక్ష్యంగా బల్ల మీద పెట్టారు. మెడ విరిగింది, టోపీ అలాగే ఉంది. ఎన్నికలైపోయి, ఆ అభ్యర్థి ఓడిపోయి నెల దాటింది. బాతుకు ఆ కబురు అందినట్టు లేదు.

"అప్పుడు మీ కళ్లజోడు ఎక్కడుంది గీబ్ గారూ?" అని అడిగాడు టాడ్.

"ట్రక్కులో."

"ట్రక్కు ఎక్కడుంది?"

"బాగుచేయించడానికి ఇచ్చాను."

సాయంత్రం ఇళ్లకు పంపేముందు జడ్జి గారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు. "ఈ కేసు గురించి ఎవరితోనూ మాట్లాడకండి. ఇంట్లో వద్దు, కాఫీ కొట్లో వద్దు, కుక్కతో కూడా వద్దు." డెల్మర్ తల ఊపాడు. ఆ నియమం ఎందుకొచ్చిందో, ఎప్పుడొచ్చిందో రేడియోలో ఒక శనివారమంతా వివరించినవాడు ఆయనే.

శుక్రవారం మధ్యాహ్నం వాదనలు ముగిశాయి. ఎనిమిది మందినీ గదిలోకి పంపి తలుపు మూశారు. లొవెల్ అనే పందుల రైతు కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "ఆర్లన్‌కు జోడు లేకపోతే సొంత పెళ్లాం ఎవరో తెలీదు. ఆవిడ నిర్దోషి. కాదనేవాళ్లెవరైనా ఉన్నారా? ఔననేవాళ్లు చెయ్యెత్తండి. నా పందులు ఎదురుచూస్తున్నాయి."

ఎనిమిది చేతులూ లేచాయి. డెల్మర్ చెయ్యి కూడా.

అక్కడితో అయిపోవాలి. కాగితం మీద రాసి తలుపు కొట్టడమే మిగిలింది. కానీ డెల్మర్‌కు ఆ లేచిన చేతుల్ని చూస్తే గుండెలో ఏదో కదిలింది. నిన్నటి నుంచీ ఆయన కళ్లకు చేతులే కనిపిస్తున్నాయి, లేవనివి. ఇక్కడ ఏడుగురున్నారు. తలుపు బయట తాళం వేసుంది. పందుల ధరలు పక్క స్టేషన్‌లో వస్తున్నాయని ఎవరూ లేచిపోలేరు.

"రాసేముందు ఒక్క అయిదు నిమిషాలు" అన్నాడు. "మనం ఎందుకు చెయ్యెత్తామో మనకు తెలియాలి. సహేతుకమైన సందేహం అంటే ఏమిటో చాలామందికి తెలియదు."

"నాకు తెలుసు లాయరు గారూ. అందుకే ఎత్తాను" అన్నాడు లొవెల్.

"అలా కాదు. ఇక్కడ మనం గమనించాల్సింది ఏమిటంటే..."

ఇంగ్లండు రాజుల దగ్గర మొదలుపెట్టాడు. సముద్రం దాటి వాషింగ్టన్ చేరేసరికి కిటికీ బయట దీపాలు వెలిగాయి. మధ్యలో ఒకావిడ అల్లిక తీసింది. లొవెల్ రెండు చేతులూ మళ్లీ పైకెత్తి, "ఇదిగో, రెండూ ఎత్తాను, ఇక ఆపండి" అన్నాడు. అందరూ నవ్వితే డెల్మర్ కూడా నవ్వి, సుప్రీంకోర్టు దగ్గరికి వచ్చాడు. అప్పుడే తలుపు కొట్టారు. శుక్రవారం అయిదింటికి ఆ పాత భవనంలో గదుల్ని వెచ్చబరిచే యంత్రం ఆపేస్తారు. సోమవారం వచ్చి తేల్చండని జడ్జి గారు ఇళ్లకు పంపేశారు.

వసారాలో డొరిండా నిలబడి ఉంది. ఒక్కొక్కరు బయటికొస్తుంటే మొహాలు చదవాలని చూసింది. డెల్మర్ ఆవిడ వైపు చూసి, ఏం భయపడకమ్మా అన్నట్టు ఒక పెద్ద చిరునవ్వు నవ్వాడు. సోమవారం దాకా ఎవరికి నిద్ర పట్టదో ఆయనకు తట్టలేదు.

ఇక శనివారం. వాషింగ్టన్‌లో ఎవరో పెద్దమనిషి మీద విచారణ నడుస్తోంది, దాని గురించే మాట్లాడాలని వెళ్లాడు. కేసు మాటెత్తకూడదని దారి పొడుగునా అనుకుంటూనే వెళ్లాడు. భర్త రెండు రోజులుగా చిన్నబోయి ఉన్నాడని వెర్నెల్ త్వరగానే ఫోన్ చేసింది. "రౌష్ గారూ, నేను మిల్‌బ్రూక్ నుంచి. సాక్షి ఒట్టేసి చెబుతున్నాడు కదా, నమ్మొద్దంటే ఎలాగండీ?" అంది ముక్కుతో.

"మంచి ప్రశ్న అడిగావు సోదరీ. సాక్షి ఒట్టేసినంత మాత్రాన వాడికి కళ్లు రావు. మొన్ననే ఒకణ్ని చూశాను. పొద్దుగుంకే వేళ, తన వరండాలో నిలబడి, కళ్లజోడు లేకుండా, రోడ్డు మీద కారులో ఉన్నావిడ నవ్విందని చెబుతాడు! అలాంటివాడి మాట నమ్మి బాతునైనా శిక్షించకూడదు."

మిల్‌బ్రూక్ సోదరి నాలుగేళ్లలో మొదటిసారి తన సొంత గొంతుతో, "డెల్, ఇక ఆపు" అంది.

ఇంటికొచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు. "పేర్లు చెప్పలేదుగా" అన్నాడు.

"బాతు చెప్పావు."

"ఎవరు విన్నారు? ఒక్కడూ చెయ్యెత్తలేదు కదా!"

తన మాట ఎవరూ విని ఉండకూడదని డెల్మర్ దేవుణ్ని కోరుకోవడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున జడ్జి గారు ఆయన్ని తన గదిలోకి పిలిచారు. లాయర్లిద్దరూ అప్పటికే అక్కడున్నారు. జడ్జి గారి గోళ్లలో పాత రంగు ఇరుక్కుని ఉంది.

"రౌష్ గారూ, శనివారం పొద్దున నేను గ్యారేజీలో కూర్చుని పాత కుర్చీలకు రంగు గీకుతుంటాను. పక్కన రేడియో ఉంటుంది."

"మీరు... వింటారా?"

"నాలుగేళ్ల నుంచీ."

అంత భయంలోనూ డెల్మర్ లోపల ఒక దీపం వెలిగింది. జడ్జి గారు! నాలుగేళ్లు! అది ఒక్క క్షణమే. కానీ ఆ తర్వాత ఆ కేసులో చేసినవన్నీ తలుచుకుని సిగ్గుపడ్డప్పుడల్లా, అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడ్డది ఆ క్షణానికే.

విన్నది జడ్జి గారే కాబట్టి దాచడానికి లేదు, లాయర్లిద్దరికీ చెప్పేశారు. ఈయన్ని తీసేసి ఇంకొకర్ని కూర్చోబెడదామంటే, అదనంగా పెట్టుకున్న ఒక్క మనిషినీ గురువారమే వాడేశారు. మూత్రపిండంలో రాయొచ్చి ఒకావిడ ఆస్పత్రికి వెళ్లింది. విచారణ రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి జరపాలన్నాడు ప్రభుత్వ లాయరు.

"యువరానర్, వాళ్లు ఈపాటికే తేల్చేసి ఉంటే? రాయడమొక్కటే మిగిలి ఉంటే?" అన్నాడు టాడ్.

"గదిలో ఏమైందో నేను అడగకూడదు, వాళ్లు చెప్పకూడదు."

డెల్మర్ నోరు తెరిచాడు. ఎనిమిది చేతులు లేచాయి, నేను చూశాను. బతుకు మొత్తంలో కోర్టుకు నిజంగా పనికొచ్చే మాట ఆయన దగ్గర అదొక్కటే ఉంది.

జడ్జి గారు వేలెత్తారు. "మీరైతే అసలే చెప్పకూడదు."

విచారణ రద్దు చేశారు గాని, డెల్మర్‌కు శిక్షేమీ వెయ్యలేదు ఆవిడ. అందర్నీ కోర్టు గదిలో కూర్చోబెట్టి, "ఎనిమిదో కుర్చీలో ఉన్నాయన మీకు ఒక సంగతి వివరిస్తారు. వివరించడం ఆయనకు అలవాటే" అన్నారు.

డెల్మర్ లేచి నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఈసారి ఇంగ్లండు రాజులెవరూ సాయానికి రాలేదు. "నేను... మాట్లాడాను. మాట్లాడొద్దంటే మాట్లాడాను. అందుకని ఇదంతా మళ్లీ మొదలవుతుంది" అన్నాడు. అల్లికావిడ సూదులు సంచిలో పడేసింది. లొవెల్ టోపీ తీసి మోకాలికేసి ఒక్కసారి కొట్టాడు. డొరిండా అర్థంకానట్టు టాడ్ వైపు తిరిగింది. వాడు చెవిలో చెప్పాడు. అప్పుడావిడ డెల్మర్ వైపు చూసింది. శుక్రవారం ఆయన నవ్విన నవ్వు ఆవిడకు ఇంకా గుర్తుంది. అది ఆయనకూ తెలుస్తోంది.

జ్యూరీని పంపేశాక జరిగింది చెప్పుకోవడానికి అడ్డులేదు. ఎనిమిది చేతుల సంగతి, అయిదు నిమిషాల సంగతి మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. రేడియోవాళ్లు డెల్మర్ కార్యక్రమం తీసేసి ఆ వేళకు అకార్డియన్ పాటలు పెట్టారు. పాటలు బాగున్నాయని కొందరు ఫోన్ కూడా చేశారట.

కేసు తేలేదాకా బస్సు ముట్టుకోకూడదని డొరిండాను బడి వంటశాలలో పళ్లేలు కడగడానికి పెట్టారు. చలికాలమంతా అక్కడే ఉంది. ఫిబ్రవరిలో ఈస్టరు ముందు మాంసం మానే ఉపవాసాలు మొదలయ్యాక, బడి భోజనశాలలో శుక్రవారం శుక్రవారం చేపలు వేయించి ఊరికి అమ్ముతారు. వెళ్లకపోతే బావుండదని వెర్నెల్ పోరితే డెల్మర్ వెళ్లాడు. వరసలో తన వంతు వచ్చి తలెత్తేసరికి, గరిటె పట్టుకుని డొరిండా.

"చేప ఒకటా, రెండా?"

"డొరిండా గారూ, నేను మీకు..."

"ఒకటా, రెండా అని అడిగాను. వెనకాల జనమున్నారు."

"ఒకటి చాలు."

ఒకటేసింది. క్యాబేజీ తురుము పక్కన పడేసింది. "కొత్తగా బస్సు తోలేవాడు నిన్న వంతెన దగ్గరి చిన్నపిల్లను అవతలి గట్టున దింపేసి పోయాడట. వాళ్లమ్మమ్మ గేటు దాకా వచ్చి పిల్లను చూసేవరకు కదలకూడదని వాడికి ఎవరు చెబుతారు?"

"అదంతా నా మూలానే. క్షమాపణ అడగాలని... ఒక్క నిమిషం..."

"ఒక్క నిమిషమేనా?" అంది డొరిండా. "ఆ రోజు అయిదు అన్నారట కదా."

వరసలో నవ్వులు వినిపించాయి. డెల్మర్ పళ్లెం తీసుకుని ఒక మూల గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చేప చల్లారేదాకా దాని వైపు చూస్తూ ఉండి, తర్వాత ముక్క మిగల్చకుండా తిన్నాడు.

మార్చిలో మళ్లీ విచారణ జరిగింది. బాతు చలికాలమంతా కోర్టు బీరువాలో అదే టోపీతో ఉండి వచ్చింది. డెల్మర్ లోపలికి వెళ్లలేదు. బెల్టు మానేసి భుజాల మీద పట్టీలు వేసుకొచ్చి, వసారా బల్ల మీద కూర్చున్నాడు. ఎవరైనా పలకరిస్తే తలే ఊపాడు. కొత్త జ్యూరీ గదిలోకి వెళ్లింది. వాళ్లకోసం తెచ్చిన కాఫీ చల్లారకముందే తలుపు కొట్టింది. నిర్దోషి. డొరిండా బయటికొచ్చి, టాడ్‌ను కావలించుకుని, డెల్మర్ కూర్చున్న బల్ల ముందునుంచే నడిచి వెళ్లింది. ఆగలేదు. ఆవిడ ఆగుతుందని ఆయనా అనుకోలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వెర్నెల్‌ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడు. వంతెన దగ్గర ముందు పసుపుపచ్చ బస్సు ఆగింది. ఎర్ర దీపాలు వెలిగాయి, పక్కనుంచి 'ఆగు' అని రాసిన పలక బయటికి చాచుకుంది. పలక బయట ఉన్నంతసేపూ ఏ బండీ ఆ బస్సును దాటకూడదు, అది మా చట్టం. చిన్నపిల్ల దిగింది. గేటు దగ్గర అమ్మమ్మ చెయ్యూపింది. పిల్ల లోపలికెళ్లింది, ఇంటి తలుపు కూడా మూసుకుంది. పలక మాత్రం లోపలికి వెళ్లలేదు. బస్సు పక్కనున్న పెద్ద అద్దంలో డొరిండా మొహం కనబడింది. ఆవిడ వెనక కారును చూసింది. ఎవరి కారో చూసింది. ఆ తర్వాత ఫ్లాస్కు తీసి, మూత తిప్పి, కాఫీ వంచుకుని, ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టింది.

వెర్నెల్ గడియారం చూసుకుంది. అద్దంలోకి చూసింది. మొగుడి వైపు చూసింది.

"పిల్ల ఎప్పుడో ఇంట్లోకి వెళ్లిపోయింది డెల్, కావాలనే ఆపింది మనల్ని! డాక్టరు వెళ్లిపోతాడు, ఒక్క హారనైనా కొట్టవేం?"

డెల్మర్ స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నావల్ల ఆవిడ ఒక చలికాలమంతా ఆగింది వెర్నా."